విండోస్ 11 ఎక్కించాక మొదటి పది రోజులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అంతవరకూ "చూద్దాంలే" అనుకున్నవాళ్లు ఒక్కొక్కరే విండోస్ 11లోకి వస్తున్నారు, వచ్చిన వారంలోనే మాకు ఉత్తరం రాస్తున్నారు. బూట్ కావట్లేదు, నెట్‌వర్క్‌లో ఫోల్డర్ తెరుచుకోవట్లేదు, ఆటలు నత్తనడక నడుస్తున్నాయి అనే ఫిర్యాదులు చాలామటుకు కొత్త రూపురేఖల వల్ల వచ్చినవి కావు. పైకి కనిపించకుండా మారిన భద్రతా సెట్టింగుల వల్ల వచ్చినవి. కాబట్టి ఈసారి ఐకాన్ల సంగతి తక్కువ, అడుగున జరిగే సంగతులు ఎక్కువ. జవాబులు 24హెచ్2, 25హెచ్2 వెర్షన్లు రెండింటికీ వర్తిస్తాయి, వాటి పునాది ఒకటే. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం, కంప్యూటర్లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి.

ప్రశ్న: నా డెస్క్‌టాప్ విండోస్ 11కి పనికిరాదని, సెక్యూర్ బూట్ (బూట్ అయ్యేటప్పుడు నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) లేదని హెల్త్ చెక్ యాప్ చెబుతోంది. బయోస్‌లోకి వెళ్లి సీఎస్‌ఎం (పాత పద్ధతిలో బూట్ చేయనిచ్చే ఏర్పాటు) ఆపేశాను. అంతే, విండోస్ బూట్ కావడమే మానేసింది. ఆన్ చేసిన ప్రతిసారీ నేరుగా బయోస్ తెరుచుకుంటోంది. డిస్క్ పోయినట్టేనా?

జవాబు: డిస్క్‌కి ఏమీ కాలేదు. బయోస్‌లో సీఎస్‌ఎం మళ్లీ ఆన్ చేయండి, పాత విండోస్ యథాప్రకారం లేస్తుంది. మీ డిస్క్ పాత పద్ధతి, అంటే ఎంబీఆర్ విభజనలో ఉంది. సీఎస్‌ఎం ఆపితే మదర్‌బోర్డు యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతిలో మాత్రమే బూట్ చేస్తుంది, దానికి జీపీటీ అనే కొత్త తరహా విభజన ఉన్న డిస్క్ కావాలి. డిస్క్‌ని మార్చకుండా బయోస్‌ని మార్చడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ముందు డిస్క్, తర్వాత బయోస్, అదీ వరస.

విండోస్ లేచాక డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఎడమవైపు డిస్క్ 0 అని ఉన్న గడి మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, వాల్యూమ్స్ ట్యాబ్ చూడండి. పార్టిషన్ స్టైల్ దగ్గర మాస్టర్ బూట్ రికార్డ్ అని ఉంటే మా అంచనా సరైనదే. ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఈ మార్పిడిలో డేటా చెరిగిపోదు, కానీ మధ్యలో కరెంటు పోతే ఎవరూ ఏమీ చేయలేరు. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉంటే సస్పెండ్ చేయండి.

తర్వాత అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎంబీఆర్2జీపీటీ /వ్యాలిడేట్ /డిస్క్:0 /అలౌఫుల్‌ఓఎస్ అని కొట్టండి. ఇది పరీక్ష మాత్రమే, ఏదీ మార్చదు. ఇక్కడే ఫెయిలైతే ముందుగా విభజనల లెక్క చూడండి. ఎంబీఆర్ డిస్క్‌లో నాలుగు ప్రైమరీ విభజనల దాకా పడతాయి కానీ ఈ టూల్ మూడింటినే ఒప్పుకుంటుంది. యూఈఎఫ్‌ఐకి కావలసిన కొత్త విభజనకు అది చోటు చూసుకోవాలి. ఎక్స్‌టెండెడ్ విభజన, అందులో లాజికల్ డ్రైవ్‌లు ఉన్నా ఒప్పుకోదు. డి డ్రైవ్, ఇ డ్రైవ్ అని ముక్కలు చేసుకున్న పాత డిస్కుల్లో చాలావాటి పరిస్థితి ఇదే. వాటిలోని డేటా బయటికి తీసి, ఆ విభజనలు తొలగించాకే ముందుకు సాగాలి.

పరీక్ష నెగ్గితే అదే ఆదేశంలో వ్యాలిడేట్ బదులు కన్వర్ట్ పెట్టండి. పూర్తయ్యాక నేరుగా బయోస్‌లోకి వెళ్లి సీఎస్‌ఎం ఆపండి, బూట్ వరసలో విండోస్ బూట్ మేనేజర్‌ని మొదట పెట్టండి. చాలా పాత గ్రాఫిక్స్ కార్డుల్లో యూఈఎఫ్‌ఐకి కావలసిన భాగం ఉండదు. సీఎస్‌ఎం ఆపగానే తెర పూర్తిగా నల్లబడితే కారణం అదే. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంటే మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్టుకు మార్చి చూడండి.

ఇక సెక్యూర్ బూట్. విండోస్ 11 ఎక్కడానికి మదర్‌బోర్డుకు ఆ సామర్థ్యం ఉండి, యూఈఎఫ్‌ఐలో బూట్ అయితే చాలు, అది ఆన్‌లో ఉండి తీరాలని లేదు. ఆన్‌లో ఉండడమే మంచిది. కొన్ని బోర్డుల్లో ఎనేబుల్ చేసినా పక్కన నాట్ యాక్టివ్ అనే చూపిస్తుంది. తాళపుచెవులు లోడ్ కాకపోతే అలా జరుగుతుంది. ఆ పేజీలోనే ఫ్యాక్టరీ కీస్ లేదా డిఫాల్ట్ కీస్ అనే ఎంపిక ఉంటుంది, దాన్ని నొక్కి సేవ్ చేయండి.

ప్రశ్న: రైజెన్ కంప్యూటర్. విండోస్ 11 ఎక్కించాక బయోస్ అప్‌డేట్ చేశాను. ఇప్పుడు ఆన్ చేయగానే ఎఫ్‌టీపీఎం గురించి ఏదో రాసి వై నొక్కాలా, ఎన్ నొక్కాలా అని అడుగుతోంది. ఏది నొక్కినా ప్రమాదమేనా?

జవాబు: ఎఫ్‌టీపీఎం అంటే ప్రాసెసర్‌లోనే ఉండి తాళాలు దాచే టీపీఎం భద్రతా భాగం. వై నొక్కితే అది రీసెట్ అవుతుంది, అందులో దాచిన బిట్‌లాకర్ తాళం పోతుంది. ఎన్ నొక్కితే పాత రికార్డు అలాగే ఉంటుంది, టీపీఎం మాత్రం పనిచేయదు. కాబట్టి రికవరీ కీ చేతిలో లేకపోతే వై నొక్కకండి. ఎన్ నొక్కినా బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కంగారు పడకుండా కంప్యూటర్ ఆపేసి, ఫోన్లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్ కింద బిట్‌లాకర్ కీలు చూడండి. ఒకటికంటే ఎక్కువ ఉంటే, నీలం తెర మీద కనిపించే కీ ఐడీలోని మొదటి 8 అక్షరాలతో పోల్చి సరైనది ఎంచుకోండి. కాగితం మీద రాసుకున్నాక వై నొక్కండి. లోపలికి వెళ్లాక పిన్ పనిచేయదు, పాస్‌వర్డ్‌తో వెళ్లి పిన్ కొత్తగా పెట్టుకోవాలి.

"నేను బిట్‌లాకర్ పెట్టనే లేదే" అని మీరు అనవచ్చు. 24హెచ్2 నుంచి, డిస్క్ తుడిచి కొత్తగా విండోస్ ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే, బిట్‌లాకర్‌తోనే నడిచే డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది. హోమ్ ఎడిషన్‌లో కూడా. పాత విండోస్ మీద అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు మాత్రం దానంతటది మొదలవదు. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, డివైస్ ఎన్‌క్రిప్షన్‌లో మీ సంగతి తెలుస్తుంది. కొత్తగా ఎక్కించినవాళ్లు ఈ పత్రిక పక్కన పెట్టి మరీ ముందు ఆ పని చేయండి: కీ అకౌంట్‌లో ఉందో లేదో చూసి, ఒక ప్రతి బయట దాచుకోండి. కీ ఎక్కడా దొరక్కపోతే డిస్క్‌లోని డేటాను రిపేరు షాపువాళ్లూ తీయలేరు, మైక్రోసాఫ్టూ తీయలేదు.

ఇకముందు బయోస్ అప్‌డేట్ చేసే ప్రతిసారీ బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి మొదలుపెట్టండి. హోమ్ ఎడిషన్‌లో ఆ బటన్ లేకపోతే డివైస్ ఎన్‌క్రిప్షన్‌ని ఆపి, డిస్క్ మీది ఎన్‌క్రిప్షన్ పూర్తిగా తొలగేదాకా ఆగాలి. అన్నట్టు, రైజెన్‌లో ఎఫ్‌టీపీఎం ఆన్ చేశాక అప్పుడప్పుడూ ఒకటి రెండు సెకన్లు తెర, శబ్దం కలిసి తడబడే సమస్యను ఏఎమ్‌డీ 2022లోనే ఒప్పుకుంది. అజీసా (బయోస్‌లో ఏఎమ్‌డీ ఇచ్చే భాగం) 1.2.0.7 లేదా ఆ తర్వాతి దాంతో వచ్చిన బయోస్ వేస్తే అది పోతుంది. పాత బోర్డయితే బయోస్ అప్‌డేట్ మానేయకండి.

ప్రశ్న: ఆఫీసులో విండోస్ 11 ప్రో ఎక్కించాం. ఇదివరకు నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకునేది, ఇప్పుడు భద్రతా విధానం ఒప్పుకోదని అంటోంది. జెరాక్స్ మెషిన్ నుంచి ఫోల్డర్‌లోకి స్కాన్ చేయడం కూడా ఆగిపోయింది. నెట్‌వర్క్ బాగానే ఉంది, పింగ్ కూడా వస్తోంది.

జవాబు: రెండూ వేర్వేరు తలుపులు, మూసింది మాత్రం ఒకే వెర్షన్. 24హెచ్2 ప్రోలో రెండు డిఫాల్టులు మారాయి. మొదటిది, పేరూ పాస్‌వర్డూ లేకుండా అతిథిగా వెళ్లడం కుదరదు. రెండోది, ఎస్‌ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) సైనింగ్ తప్పనిసరి. మీ కంప్యూటర్ అవతలివాళ్ల దగ్గరికి వెళ్లినా, అవతలి యంత్రం మీ కంప్యూటర్లోకి వచ్చినా ప్రతి ప్యాకెట్ మీదా డిజిటల్ సంతకం ఉండాలి.

స్టోరేజ్ పెట్టెకు అసలు మందు అతిథి ప్రవేశం మానేయడమే. పెట్టె అడ్మిన్ పేజీలో ఒక యూజర్‌ని సృష్టించి పాస్‌వర్డ్ పెట్టండి, షేర్‌కి ఆ యూజర్‌కి అనుమతి ఇవ్వండి. ఎస్‌ఎంబీ కనీస వెర్షన్ 2 లేదా 3 ఉండాలి, సైనింగ్ ఎంపిక ఉంటే ఆన్ చేయండి, ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) కూడా కొత్తది వేయండి. ఆ తర్వాత విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి ఆ పెట్టె పేరుతో ఉన్న పాత ఎంట్రీని తీసేయండి. ఇది మర్చిపోతే పాత ఖాళీ పాస్‌వర్డే మళ్లీ మళ్లీ వెళ్తుంటుంది.

స్కాన్ సంగతి వేరు. అక్కడ మీ కంప్యూటరే సర్వర్, మెషిన్ లోపలికి వస్తోంది. దానికి సంతకం పెట్టడం చేతకాకపోతే విండోస్ తలుపు తీయదు. తయారీదారు ఫర్మ్‌వేర్ ఇచ్చి ఉంటే వేయండి. తర్వాత స్కాన్ కోసమే ఒక లోకల్ అకౌంట్ చేసి, గట్టి పాస్‌వర్డ్ పెట్టి, ఆ ఒక్క ఫోల్డర్‌కే రాసే అనుమతి ఇవ్వండి. మెషిన్ అడ్రస్ బుక్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ పిన్ ఇస్తే పనిచేయదు, పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే చెల్లుతుంది.

ఫర్మ్‌వేర్ లేదు, మెషిన్ మార్చే వీల్లేదు అంటే రెండు దారులు. స్కాన్‌ని మెయిల్‌కో పెన్‌డ్రైవ్‌కో మళ్లించండి, లేదా తయారీదారు స్కాన్ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ నుంచే లాగండి. అదీ కుదరకపోతే పవర్‌షెల్‌లో సెట్-ఎస్‌ఎంబీసర్వర్‌కాన్ఫిగరేషన్ ఆదేశంతో రిక్వైర్‌సెక్యూరిటీసిగ్నేచర్‌ను ఫాల్స్ చేయవచ్చు. అది ఆ ఒక్క కంప్యూటర్‌కే పరిమితం చేయండి, కుదిరితే వేతనాల ఫైళ్లు లేని కంప్యూటర్‌కి. పాత ఎస్‌ఎంబీ 1ని మళ్లీ ఎక్కించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ప్రశ్న: వెనక్కి విండోస్ 10కి వెళ్లాలంటే ఎన్ని రోజుల గడువు?

జవాబు: పది రోజులు. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది. సి డ్రైవ్‌లో విండోస్.ఓల్డ్ ఫోల్డర్ ఉన్నంతవరకే అది పనిచేస్తుంది. స్థలం కోసం దాన్ని తుడిచేస్తే దారి మూసుకున్నట్టే. గడువు చాలదనుకుంటే ఆ పది రోజుల్లోపే, అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ /ఆన్‌లైన్ /సెట్-ఓఎస్‌అన్‌ఇన్‌స్టాల్‌విండో /వాల్యూ:60 అని కొట్టండి. 60 రోజులే గరిష్ఠం. డిస్క్ తుడిచి కొత్తగా ఎక్కించినవాళ్లకు ఈ సదుపాయమే లేదు.

పది రోజుల్లో ముందు పరీక్షించవలసింది స్టార్ట్ మెనూ అందం కాదు. ప్రింటర్, స్కానర్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, డిజిటల్ సంతకం టోకెన్, వీపీఎన్ చూడండి. మొండికేసేవి సాధారణంగా పాత డ్రైవర్ మీద ఆధారపడ్డ ఇలాంటివే. మొదటి రెండు రోజుల్లోనే వాటన్నిటితో ఒక్కో పని పూర్తి చేసి చూడండి. వెనక్కి వెళ్తే మీ ఫైళ్లు ఉంటాయి, అప్‌గ్రేడ్ తర్వాత వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. వెళ్లేది మద్దతు ముగిసిన విండోస్‌లోకి అని కూడా గుర్తుంచుకోండి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ నుంచి ఈఎస్‌యూ (పొడిగించిన భద్రతా అప్‌డేట్లు) పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. దానికి విండోస్ 10 22హెచ్2 వెర్షన్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి.

ప్రశ్న: రైజెన్ 5 2600, 16 జీబీ ర్యామ్. విండోస్ 10లో సాఫీగా నడిచిన ఆటలు విండోస్ 11 కొత్తగా ఎక్కించాక తడబడుతున్నాయి. విండోస్ 11లో ఏఎమ్‌డీ ప్రాసెసర్లు నెమ్మదిస్తాయని ఒకచోట చదివాను. నిజమేనా?

జవాబు: మీరు చదివింది 2021 నాటి ముచ్చట అయి ఉంటుంది. విండోస్ 11 విడుదలైన 2021 అక్టోబర్ 5న ఏఎమ్‌డీ ప్రాసెసర్ల ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) విషయంలో నిజంగానే లోపం ఉంది. అదే నెల 21న వచ్చిన అప్‌డేట్‌తో, ఏఎమ్‌డీ చిప్‌సెట్ డ్రైవర్‌తో అది సరిపోయింది. తొలి వారంలో రాసిన అభిప్రాయాలు ఇంటర్నెట్‌లో అలాగే ఉండిపోతాయి, తేదీ చూసి చదవాలి.

మీ విషయంలో అనుమానం మెమరీ ఇంటెగ్రిటీ మీద. డ్రైవర్ రూపంలో దొంగ కోడ్ చొరబడకుండా కాపాడే ఈ ఏర్పాటు కొత్తగా ఎక్కించిన విండోస్ 11లో సాధారణంగా ఆన్‌లోనే ఉంటుంది, అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు ఎక్కువగా పాత సెట్టింగే కొనసాగుతుంది. ఈ పనికి హార్డ్‌వేర్ సాయం ఇంటెల్‌లో ఏడో తరం నుంచి, ఏఎమ్‌డీలో జెన్ 2 నుంచి ఉంది. మీ 2600 అంతకు ముందరి జెన్ ప్లస్. విండోస్ 11 మద్దతు జాబితాలో ఉన్నా ఆ సాయం లేదు, అదే పనిని సాఫ్ట్‌వేర్‌తో లాక్కురావాలి. భారం ప్రాసెసర్ మీద పడుతుంది.

విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్ డీటెయిల్స్‌లో మెమరీ ఇంటెగ్రిటీ ఆపి, రీస్టార్ట్ చేసి, అదే ఆటను అదే చోట ఆడి పోల్చండి. తేడా లేకపోతే వెంటనే మళ్లీ ఆన్ చేయండి. తేడా ఉంటే ఆటలాడే వేళ ఆపి తర్వాత ఆన్ చేసుకోవచ్చని మైక్రోసాఫ్ట్ కూడా చెప్పింది. బ్యాంకు పనులూ ఆ కంప్యూటర్లోనే చేసేవాళ్లకు నాలుగు ఫ్రేముల కోసం దాన్ని శాశ్వతంగా ఆపమని మేం చెప్పం.

పోల్చడానికి ముందు రెండు మూడు రోజులు ఆగాలి. కొత్తగా ఎక్కించాక సెర్చ్ ఇండెక్స్ కట్టడం, స్టోర్ యాప్‌ల అప్‌డేట్, వన్‌డ్రైవ్ సింక్ అన్నీ ఒకేసారి జరుగుతాయి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గడి పని లేనప్పుడూ ఎక్కువ శాతం చూపిస్తుంటే ఇంకా అవి తేలలేదని అర్థం. విండోస్ ఇంకా హార్డ్ డిస్క్ మీదే ఉంటే మాత్రం ఏ సెట్టింగూ కాపాడదు, ఎస్‌ఎస్‌డీ వేయండి. కనీస అర్హత 4 జీబీ ర్యామ్ అని ఉన్నా 8 జీబీ కంటే తక్కువతో మొదలుపెట్టకండి.

ప్రశ్న: ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్. రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్ చేసి ఎక్కిస్తే విండోస్ 11 అర్హత తనిఖీలు దాటేస్తుందట. మంచిదేనా?

జవాబు: ఎక్కుతుంది, నడుస్తుంది, నెలవారీ అప్‌డేట్లు కూడా సాధారణంగా వస్తాయి. హామీ మాత్రం లేదు. ఏటా వచ్చే కొత్త వెర్షన్ దానంతటది రాదు, మళ్లీ ఐఎస్‌ఓ (విండోస్ ఇన్‌స్టాల్ ఫైల్) తెచ్చి చేతితో ఎక్కించాలి. హోమ్, ప్రో వెర్షన్లకు మద్దతు రెండేళ్లే కాబట్టి ఈ పని తప్పదు. 24హెచ్2 నుంచి ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ అనే సూచనలు (ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఆదేశాలు) లేని ప్రాసెసర్‌లో విండోస్ అసలు బూట్ కాదు. మీ ఆరో తరానికి ఆ భయం లేదు, కోర్ 2 డ్యుయో ఉన్నవాళ్లు మాత్రం ఆశ వదులుకోవచ్చు. ఇంట్లో రెండో కంప్యూటర్‌కైతే ప్రయత్నించండి. రోజువారీ ఆఫీసు పనికి ఈఎస్‌యూ గడువు వాడుకుని, ఈలోగా లైవ్ పెన్‌డ్రైవ్ మీద ఏదైనా లినక్స్ నడిపి వైఫై, ప్రింటర్ పట్టుకుంటాయో చూసుకోవడం మేలు.

ప్రశ్న: స్టార్ట్ బటన్ మధ్యలో ఉంది, కిటికీల పేర్లు కనిపించవు, రైట్ క్లిక్ మెనూ సగమే వస్తుంది. చిరాకుగా ఉంది.

జవాబు: సెట్టింగ్స్, పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్. అలైన్‌మెంట్ లెఫ్ట్ చేయండి, కంబైన్ బటన్స్ దగ్గర నెవర్ పెట్టండి, పేర్లు వస్తాయి. పూర్తి రైట్ క్లిక్ మెనూకు షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేయాలి. స్టార్ట్‌లో ఇటీవలి ఫైళ్లు కనిపించకూడదంటే పర్సనలైజేషన్, స్టార్ట్‌లో ఆపొచ్చు, కానీ అదే స్విచ్‌తో ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని ఇటీవలి ఫైళ్లూ పోతాయి.

ప్రశ్న: కొత్తగా ఎక్కించిన విండోస్ 11లో నా పాత తెలుగు వర్డ్ ఫైళ్లు తెరిస్తే అక్షరాలు వేరేలా ఉన్నాయి, పేజీలు జరిగిపోయాయి. వర్డ్‌ప్యాడ్ కూడా కనిపించడం లేదు.

జవాబు: ఫైళ్లు గౌతమి లేదా వాణి ఫాంట్‌లో ఉండి ఉంటాయి. ఇప్పుడు విండోస్‌తో తెలుగుకు మామూలుగా వచ్చేది నిర్మలా యూఐ. గౌతమి, వాణి ఐచ్ఛిక ప్యాకేజీలోకి వెళ్లాయి. ఫాంట్ లేకపోతే వర్డ్ వేరేదాన్ని పెడుతుంది, అక్షరాల వెడల్పు, వరుసల ఎడం మారి పేజీలు జరుగుతాయి. సెట్టింగ్స్, సిస్టమ్, ఆప్షనల్ ఫీచర్స్, వ్యూ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని వెతికి యాడ్ చేయండి. వర్డ్‌ని మూసి తెరిస్తే పాత కూర్పు తిరిగి వస్తుంది. ఈలోగా ఆ ఫైళ్లలో పేజీలు సర్దే పని పెట్టుకోకండి, ఫాంట్ వచ్చాక మళ్లీ తలకిందులవుతుంది. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు ఈ ప్యాకేజీలో రావు, పాత డిస్క్‌లోని విండోస్ ఫోల్డర్‌లో ఫాంట్స్ నుంచి కాపీ చేసి ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

వర్డ్‌ప్యాడ్‌ని 24హెచ్2 నుంచి పూర్తిగా తీసేశారు. ఆర్‌టీఎఫ్ ఫైళ్లను వర్డ్ లేదా లిబ్రెఆఫీస్ తెరుస్తుంది.

ప్రశ్న: డిస్క్ క్లీనప్‌లో విండోస్ అప్‌డేట్ క్లీనప్ 8.63 జీబీ అని చూపిస్తోంది. ఎన్నిసార్లు తుడిచినా తగ్గదు.

జవాబు: 24హెచ్2 తొలినాళ్లలో చాలామందికి కనిపించిన అంకె ఇది. మొదటిసారి తుడిచినప్పుడే పోవలసినవి పోయాయి, ఖాళీ స్థలం లెక్కే తప్పుగా చూపిస్తోందని మైక్రోసాఫ్ట్ తేల్చింది. ఆ అంకె తగ్గించాలని విండోస్ ఫోల్డర్‌లోని విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్‌లోకి వెళ్లి ఫైళ్లు చేత్తో తొలగించకండి, తర్వాతి అప్‌డేట్ ఎక్కదు.